తోడు వచ్చినావిడ

"మా కోడలికి రొమ్ముల్లో గాలి చేరింది డాక్టరమ్మా. గాలి దిగాలని నాణెంతో వీపంతా ఎర్రగా గీకాను, అయినా దిగలేదు," అంది సుమినీ, జావాలోని క్లాతెన్ ఆరోగ్య కేంద్రంలో అడుగు పెడుతూనే.

డాక్టరు కోడలి వైపు తిరిగింది. "నొప్పి ఎప్పుడొస్తుందమ్మా రెత్నో?"

"నెలసరికి ముందు," అంది అత్త.

"ఒక వైపేనా?"

"రెండు వైపులా," అంది మళ్ళీ అత్తే.

డాక్టరు రెత్నోని పరీక్ష చేసింది. "గడ్డలేమీ లేవు. నెలసరికి ముందు చాలామందికి ఇలా ఉంటుంది. భయం లేదు."

"చూశారా! ఈ కాలం పిల్లలకి చీమ కుట్టినా డాక్టరే కావాలి," అని నవ్వింది సుమినీ. "నాకు ఏడాదిగా ఎడమ రొమ్ములో సలాక్ పండు గింజంత గడ్డుంది. రాయిలా ఉంటుంది, నొక్కినా నొప్పుండదు. నేనొచ్చానా?"

డాక్టరు రాయడం ఆపింది. "అమ్మా, మీరు లోపలికెళ్ళి పడుకోండి. చూడాలి."

"నొప్పే లేదంటుంటే!"

"నొప్పి లేకపోయినా చూడాల్సిందే."

గొణుగుతూ సుమినీ తెర వెనక్కి వెళ్ళింది. డాక్టరు ఇచ్చిన మందుచీటీని రెత్నో అందుకోలేదు.

"నాకు ఏ నొప్పీ లేదు డాక్టరమ్మా," అంది గుసగుసగా. "తన కోసం రమ్మంటే మా అత్త రాదు. నాకు తోడంటే వస్తుంది. వచ్చాక మాట్లాడకుండా ఉండలేదు."