మిగిలిన గోళీ

డూగల్ గిల్‌క్రిస్ట్‌ని కట్టుకున్నందుకు ఎఫీకి ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన జేబులు.

పరాయి వస్తువు చేతికందితే చాలు, అది కోటు జేబులో కూర్చుని ఇంటికి వచ్చేస్తుంది. లైబ్రరీ పెన్సిళ్ళు, టీ దుకాణం చెంచాలు, ఒకసారి పాదిరిగారి కళ్ళజోడు. దొంగబుద్ధి కాదు పాపం, పరధ్యానం. రోజూ సాయంత్రం ఆ జేబులు దులిపి ఎవరి సొత్తు వాళ్ళకి చేర్చడం, ఇరవై ఆరేళ్ళుగా ఎఫీకి రెండో సంసారం.

ఆ రోజు మార్చి మొదటి సోమవారం. ఎడిన్‌బరోలోని కిన్‌మౌంట్ శాస్త్ర సంఘం ఫెలోగా కొత్త సభ్యులొకరిని ఎన్నుకునే రోజు.

సంఘం గోడ మీద ఈ ఏడు ఒకే ఒక్క పేరు, ఒకే ఒక్క కాగితం. అడుగున ఆరుగురు ఫెలోల సంతకాలు. ‘స్కాట్లండ్ నాచులన్నిటినీ ఒక్క పుస్తకంలోకి తెచ్చిన పనికి’ అని పైన రాసి ఉంది. ఆ పుస్తకం తయారైంది ఎఫీ వంటగది బల్ల మీదే. పద్నాలుగేళ్ళు పట్టింది. అన్నాళ్ళూ ఆ బల్ల మీద రొట్టెల పిండికీ భూతద్దానికీ సరిహద్దు తగాదాలే.

ఆ కాగితం గోడకెక్కడం ఇది ఏడోసారి. ఆరుసార్లూ ఓటులో ఓడి దిగింది. ఏడోసారీ దిగితే ఇక జన్మలో ఆ పేరు పెట్టడానికి లేదు. సంఘం నియమం.

పొద్దున్నే ఎఫీ డూగల్ చొక్కా ఇస్త్రీ చేసి, టై సరిచేసింది.

“అప్పుడే కోటు గుండీలన్నీ పెట్టేసుకున్నావేం?”

“చలి,” అన్నాడు డూగల్. టోపీ వెనకది ముందుకు పెట్టుకుని బయల్దేరాడు.

ఎన్నిక రోజు ఎఫీ సంఘం వీధివైపు పోదు. అదొక ఆచారం. పైగా ఆ వారం భవనం మెట్లు కడిగే వంతు ఆమెది. సగం మెట్లయ్యేసరికి పై అంతస్తు మిసెస్ టెనెంట్ దిగివచ్చింది.

“ఈసారైనా వస్తుందంటావా, ఎఫీ?”

“వస్తే మంచిదే. రాకపోతే కడుక్కోడానికి మెట్లున్నాయి.”

“ఆ మోకాళ్ళేసుకుని ఎందుకమ్మా ఈ అవస్థ?”

“ఇవి మెట్లకి అరిగినవి కావులెండి,” అంది ఎఫీ, గుడ్డ పిండుతూ.

అయిదింటికి డూగల్ వచ్చాడు. మొహం చూడగానే సంగతి తెలిసిపోయింది. అయినా ఆమె అడిగింది.

“మళ్ళీనా?”

“మళ్ళీనే. ముప్పైమూడు తెల్లవి. ఒక్కటి నల్లది.”

పేరు కొట్టేయడానికి ఆ ఒక్కటి చాలు. ఓటేసే ప్రతి ఫెలోకీ రెండు గోళీలిస్తారు. తెల్లదంటే ఔను, నల్లదంటే కాదు. తెర వెనక ఒకటి పెట్టెలో వేసి, రెండోదాన్ని గుప్పిట్లో దాచుకుని వచ్చి తలుపు దగ్గరి తోలుసంచిలో జారవిడవాలి. ఎవరేం వేశారో పక్కనున్నవాడికి కూడా తెలియదు.

“సంఘంలో ఆ క్రైటన్ గాడే వేసుంటాడు!” డూగల్ కుర్చీలో కూలబడ్డాడు. “వాడికి ఒళ్ళంతా అసూయే. ఈ పేరు లోపలికొస్తే నాచు సంగతి ఇక వాణ్ణి అడిగే నాథుడుండడని భయం.”

“అంతేనంటావా?”

“ఇంకెవరు? మనకి రాసిపెట్టి లేదు, ఎఫీ. ఏడేళ్ళ ఆశ!” ముందున్న బార్లీ సూప్‌ని చెంచాతో తాకనైనా తాకలేదు.

ఎఫీ ఏడ్చే మనిషి కాదు. ఆయన కోటు వంకీకి తగిలించి, అలవాటు ప్రకారం జేబులు దులిపింది. ట్రామ్ టికెట్టు. ఎవరిదో పెన్సిలు. రెండు చక్కెర బిళ్ళలు. వాటి అడుగున నున్నగా, చల్లగా ఇంకేదో.

దాన్ని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. చాలాసేపే చూసింది. తర్వాత తెచ్చి ఆయన సూప్ పళ్ళెం పక్కన పెట్టింది.

తెల్లగోళీ. దొర్లుకుంటూ పోయి చెంచాకి తగిలి ఆగింది.

“ఇది కూడా రేపు తిరిగిచ్చి రానా?” అంది.

డూగల్ చేత్తో గోళీని పళ్ళెం చాటుకి నెట్టాడు. సూప్ చల్లారిపోయింది.

“తప్పు చేశాను ఎఫీ,” అన్నాడు చివరికి, “ఈ ఏడేళ్ళూ నీ పేరు మీద నల్లగోళీ వేసింది నేనే.”