ఏడో నంబరు బండి

"తలెత్తి నా మొహంలోకి చూసి మాట్లాడు! కిందికేం చూస్తావ్?"

యజమాని అరుపుకి షెడ్డు రేకులు అదిరాయి. ఎదురుగా నిలబడ్డ మెకానిక్ మాత్రం తలెత్తలేదు. అతని చూపు ఆయన గుండెల దగ్గరే ఆగిపోయింది. చేతిలో ఉన్న నూనెగుడ్డను నలుపుతూనే ఉన్నాడు.

"బెల్లంకొట్టిన రాయిలా నిలబడితే జాలిపడి వదిలేస్తాననుకున్నావా? అక్కడ నా కూతురు కాలు రెండుచోట్ల విరిగి ఆపరేషన్ బల్ల మీదుంది. ఇక్కడ నువ్వు నిమ్మకు నీరెత్తినట్టు గుడ్డ నలుపుకుంటున్నావు!"

అరిచిన ఊపుకి ఆయన కళ్ళజోడు ముక్కు మీంచి జారి గుండెల మీద వేలాడింది. దాన్ని ఎక్కడ పెట్టాడో రోజుకు పదిసార్లు వెతుక్కునే మనిషి. పాత దారం తెగిపోతే ఈ పొద్దున్నే చేతికందిన ఎర్రటిదేదో దానికి కట్టుకున్నాడు. అప్పట్నించీ ఆ ఒక్క బాధ తప్పింది.

కొండవాలులో, రాళ్ళదారుల్లో జనాన్ని నాలుగు చక్రాల క్వాడ్ బైకుల మీద తిప్పే వ్యాపారం ఆయనది. తొమ్మిది బండ్లున్నాయి. కూతురు ముందు బండి మీద దారి చూపిస్తుంటే గిరాకీలు వెనకాల వస్తారు. ఆయన కౌంటరు దగ్గర కూర్చుంటాడు. బండ్ల సంగతి ఆయనకు బొత్తిగా తెలియదు, పెట్రోలు మూత ఎక్కడుందో అడిగినా తడుముకుంటాడు. అదంతా పదహారేళ్ళుగా మెకానిక్ చూసుకుంటున్నాడు. కూతురికి తొమ్మిదేళ్ళప్పుడు హ్యాండిల్ పట్టుకోవడం నేర్పింది కూడా అతనే. ఆ పిల్ల అతన్ని బాబాయ్ అనే పిలుస్తుంది.

ఈ ఉదయం ఏడో నంబరు బండి మీద ఆ పిల్ల వాలెక్కుతుంటే ముందు చక్రం కింద రాయి దొర్లింది. పిల్ల పడిపోయింది. బండి అక్కడే ఆగి ఉంటే మోచెయ్యి గీరుకునేదేమో, అంతకుమించి ఏమీ అయ్యేది కాదు. కానీ అది ఆగలేదు. రొద పెడుతూ వాలులో అడ్డం తిరిగి, ఆ పిల్ల కాలు మీదుగా పోయింది.

"ఏడో నంబరుకి తాడు లేదట! వెనకాల వచ్చిన గిరాకీ ఒకాయన చెప్పాడు నాకు. ఒక కొస బండికి, ఒక కొస చేతికి ఉండాలట. మనిషి పడగానే ఆ తాడు మీటను లాగి ఇంజను ఆపేస్తుందట. పోయిన నెల కొత్త తాళ్ళు కావాలన్నావు, తెచ్చుకోమన్నాను. ఎలా ఉంటాయని కూడా అడగలేదు. నమ్మాను కదరా నిన్ను!"

"తాడుంది సార్. నిన్నటి బురద కడిగి, గుమ్మం పక్క మేకుకి ఆరేశాను. టైరు తెద్దామని వెళ్ళొచ్చేసరికి..."

"వెళ్ళొచ్చేసరికి రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?"

"ఎగిరిపోలేదు సార్. అది..."

"నోర్ముయ్!"

కోపమొస్తే ఆయనకు ముందు చెవులు మూసుకుపోతాయి, ఆ తర్వాతే నోరు తెరుచుకుంటుంది. ఇంట్లో భార్య పాతికేళ్ళుగా చెబుతున్న మాటే ఇది. పొద్దున షెడ్డులో పిల్ల దేనికోసమో వెతుక్కుంటుంటే, "ఇంకా ఎంతసేపమ్మా, వాళ్ళు కాచుక్కూర్చున్నారు, కానీ!" అని కౌంటరు దగ్గర్నించి కేకేసింది ఆయనే. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. దాంతో మెకానిక్ మీద కోపం రెండింతలైంది.

కాగితం, పెన్ను తెచ్చి బల్ల మీద కొట్టాడు.

"రాయి! తాడు పెట్టకపోవడం నా తప్పే అని రాసి సంతకం పెట్టు. నీకు ఇక్కడ పని ఈ పూటతో సరి. ఈ కాగితం ప్రతి షెడ్డుకీ పంపిస్తాను. ఇంకెక్కడా నీ చేతికి స్పానరు ఇవ్వకుండా చేస్తాను."

"నా ఇంట్లో కూడా ఇద్దరు పిల్లలున్నారు సార్. ఒక్క మాట విని..."

"నా పిల్ల గురించి ఆలోచించావా నువ్వు?"

మెకానిక్ గుడ్డ పక్కన పడేశాడు. ఇక చెప్పేద్దామన్నట్టు ఒక అడుగు ముందుకేశాడు. అప్పుడే ఫోన్ మోగింది. ఆస్పత్రి నుంచి భార్య. ఆవిడ గొంతు షెడ్డంతా వినబడింది.

"ఆపరేషన్ అయిపోయిందండీ. కాలు నిలబడుతుందన్నారు. తెలివొచ్చింది, నాన్న ఏరీ అని ఒకటే అడుగుతోంది. బాబాయిని ఏమీ అనొద్దని కూడా చెప్పమంది."

ఆయన అక్కడే పాత టైరు మీద కూలబడ్డాడు. ఇప్పటిదాకా ఉరిమిన మనిషి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"నా తల్లీ... ఆ తాడొక్కటి ఉంటే చాలేది కదా! ఎవడు తీశాడో వాడి చేతులు విరిగిపోను! వాడికి పుట్టగతులుండవు!"

మెకానిక్ మొదటిసారి తలెత్తి ఆయన మొహంలోకి చూశాడు. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, బల్ల దగ్గరికెళ్ళి పెన్ను తీసుకున్నాడు. 'తప్పు నాదే' అని రాసి సంతకం పెట్టాడు.

"ఇప్పటికొచ్చిందా బుద్ధి!" యజమాని కళ్ళు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఆ కాగితం ఒకటికి రెండుసార్లు చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నేనొచ్చేసరికి నీ సామాను ఇక్కడ కనబడకూడదు."

గబగబా వెళ్ళి కారెక్కాడు. మెకానిక్ వెనకాలే వెళ్ళి కిటికీ అంచు పట్టుకున్నాడు.

"సార్, ఒక్క మాట."

"సంతకం పెట్టాక ఇంకా మాటలేమిటి?"

మెకానిక్ వంగి, ఎవరూ వినకూడదన్నట్టు మెల్లగా అన్నాడు.

"పాప చూసేలోపు ఆ కళ్ళజోడు తాడు విప్పెయ్యండి."