ఫ్లెక్సీలో తెల్ల చొక్కా

మండపేటలో చచ్చినవాళ్ళకి తెల్ల చొక్కా తొడిగేది నేనే. ఫ్లెక్సీల షాపు నాది. బతికినన్నాళ్ళూ చిరుగుల బనీనుతో తిరిగినవాడైనా పెద్దకార్యం నాటికి ఇస్త్రీ చొక్కాలో నవ్వాల్సిందే. ఆటో తోలినాయన ఫొటో కింద ‘ట్రాన్స్‌పోర్ట్’ అని వేయిస్తారు. కొడుకుల పరువు కోసం చచ్చాక ప్రమోషన్లు!

ఆ రోజు గణేష్‌బాబు అనే కుర్రాడు వాళ్ళ నాన్న ఫొటో తెచ్చాడు. రైస్‌మిల్లులో ఎప్పుడో తీసింది. ఆయన వంగి నిలబడ్డాడు. వెనకనుంచి ఇంకో కూలీ ఆయన వీపు మీదికి బస్తా ఎత్తుతున్నాడు.

"బస్తా తీసేసి, కింద ‘రైస్ బిజినెస్’ అని వేయండి," అన్నాడు.

నీ కాలేజీ ఫీజు కట్టింది ఆ బస్తాలే కదరా సన్నాసీ అనుకున్నాను. పైకి మాత్రం "అలాగేనండి" అన్నాను.

బస్తా తీసేశాను. మెడ మాత్రం వంగే ఉంది.

"అదీ నిలబెట్టేయండి. ఆ వెనకాల ఎవడో ఉన్నాడు, వాణ్ణి కూడా లేపేయండి."

మెడ నిలబెట్టాను. వెనకున్నవాణ్ణి చెరిపేశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"అబ్బ, ఎంత నీట్‌గా చేశారండీ! అక్కడ ఇంకో మనిషి ఉన్నట్టే తెలీట్లేదు," అని మురిసిపోయాడు వెధవ.

ఎందుకు తెలుస్తుంది? ఆ ఫొటో నాకు కొత్త కాదు. వెనకున్నాయన మా నాన్న. అదే ఫొటో మా ఇంట్లో గోడ మీద దండేసి ఉంది. అందులో మా నాన్న ఒక్కడే ఉంటాడు, తెల్ల చొక్కాలో. బస్తానీ, గణేష్‌బాబు వాళ్ళ నాన్ననీ నేను ఐదేళ్ళ కిందటే చెరిపేశాను.