మింగేసిన మాట

కాగితం గ్లాసు నలిపి చెత్తబుట్ట వైపు విసిరాడు పాటల రచయిత.

అది గురి తప్పి పక్క కుర్చీలో కూర్చున్నావిడ ఒళ్ళో పడింది. అడుగున మిగిలిన నీళ్ళు ఆవిడ చీర మీద ఒలికాయి.

సారీ చెప్పాలని తెలుసు. చెప్పలేదు. లోపలున్న మ్యూజిక్ కంపెనీ మేనేజరు కోసం పొద్దుటి నుంచీ కోపం పోగేసుకొచ్చాడు. ఇక్కడ క్షమాపణతో మొదలుపెడితే అది కాస్తా చల్లారిపోతుందని భయం.

ఆవిడ గ్లాసు తీసి బుట్టలో వేసింది. యాభై దాటి ఉంటాయి. మెడ చుట్టూ శాలువా.

"మేనేజరు గారితో పనా బాబూ?" గొంతు బొంగురుగా, గీసుకుపోతున్నట్టు వచ్చింది.

"పని కాదు. పోట్లాట."

"ఎందుకో?"

చెప్పకూడదనుకున్నాడు. చెప్పేశాడు.

"నా పాటని పరుపుల ప్రకటనకి అమ్ముతున్నారండీ ఈ కంపెనీ వాళ్ళు. పరుపులకి!"

"ఏ పాట?"

"దీపం ఆర్పను, పడుకో."

ఆవిడ శాలువా అంచు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది.

అతని కూతురికి చీకటంటే భయం. ఆసుపత్రిలో స్విచ్చు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, పాప కళ్ళు మూతలు పడేదాకా ఆ మాటే చెప్పేవాడు. పాప పోయాక ఆ మాట పాటయింది. పాట ఇంట్లో ఉంటే ఊపిరాడలేదు. ఈ మ్యూజిక్ కంపెనీ వాళ్ళు సర్వహక్కుల కాగితం ముందు పెడితే చదవకుండా సంతకం గీకేశాడు. వదిలిపోయిందనుకున్నాడు.

ఇప్పుడు ఎవరి మీద అరవబోయినా ఆ అరుపు తన సంతకానికే తగిలి వెనక్కొస్తోంది. అందుకే కోపం తీర్చుకోవడానికి ఇంకెవరైనా కావాలి.

"పోనీ, నా మాటలు వాడుకుంటున్నారా అంటే అదీ లేదు. చివర్లో కూనిరాగం ఒకటుంది చూడండి, అది కావాలట వాళ్ళకి!"

"బాగుంటుంది కదా అది."

"బాగుంటుందా? అక్కడ నేను రాసిన మాట ఉండాలి. పెద్ద గాయని వచ్చేలోపు నమూనాగా పాడి పెట్టడానికి ఎవరో ట్రాక్ పాడే మనిషిని పిలిచారు. 'దీపం ఆర్పను' వరకూ పాడింది. 'పడుకో' దగ్గరికొచ్చేసరికి మాట మింగేసి 'ఊఁ' అని మూలిగింది. పెద్ద గాయని ఎంత ప్రయత్నించినా అలా రాలేదని, ఆ ముక్క అలాగే ఉంచేశారు."

"ఎందుకలా పాడావని మీరు అడగలేదా?"

"నేనెందుకడుగుతాను? మొహం కూడా చూడలేదు. అద్దాల గదిలో అటు తిరిగి నిలబడింది. కాగితం మీదున్న మాట చదవడం రాదు, పాటలు మాత్రం కావాలి!"

"చదవడం రాక కాదేమో. మాట పైకి రాలేదేమో."

"రానివాళ్ళు ఇంట్లో కూర్చోవాలి!"

ఎదుటి బల్ల దగ్గర గుమాస్తా తలెత్తి చూసి, మళ్ళీ దించేసుకున్నాడు.

"నా పాపకి నేను చెప్పిన ఆఖరి మాటండీ అది. దాన్ని తినేసింది. జనం ఆ మూలుగు పట్టుకుని వేలాడారు. ఇప్పుడు పరుపులవాడూ వేలాడుతున్నాడు. అసలు ఆ పాటలో ఆవిడకేం హక్కుంది? ఆవిడది ఉత్త గాలి! పాటంతా నాది."

"మీదే," అంది ఆవిడ నెమ్మదిగా.

ఆ ఒప్పుకోలు అతన్ని ఇంకా మండించింది.

"ఇంతకీ మీరెందుకొచ్చారు? ఈ గొంతేసుకుని పాడదామనా?"

అన్నాక నాలుక కరుచుకోవాలి. కరుచుకోలేదు. ఎవరికో ఒకరికి తగిలింది, తగిలినట్టు కనిపించింది. పాప పోయిన దగ్గర్నుంచీ ఎరగని హాయి ఏదో ఒక్క క్షణం ఒంట్లో పాకింది. అది హాయేనా అని అనుమానం వచ్చేలోపు గుమాస్తా పిలిచాడు.

"అమ్మా, మీరు రండి."

"ముందొచ్చింది నేనయ్యా!"

"ఆవిణ్ణి మేమే పిలిపించామండీ."

ఆవిడ లోపలికెళ్ళింది. ఎంతోసేపు లేదు, బయటికొచ్చేసింది. అతని ముందు ఆగి ఏదో అనబోయింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. తడిసిన కుచ్చిళ్ళు దులుపుకుని మెట్లు దిగిపోయింది.

"రండి గురువుగారూ!" అతను లోపలికి అడుగుపెట్టగానే మేనేజరు లేచి ఎదురొచ్చాడు. "కాఫీ చెప్పనా?"

"నీ కాఫీ ఎవడికి కావాలి? నేనొప్పుకోను. కోర్టుకెళ్తాను."

"కూర్చోండి ముందు. మీరు ఒప్పుకునేదేముంది? మీ హక్కులు ఎప్పుడో ఇచ్చేశారు. మాకు ఇన్నాళ్ళూ అడ్డం ఆ కూనిరాగం ఒక్కటే. ఆవిడ చేత అప్పట్లో కాగితం రాయించుకోవడం మర్చిపోయాం. మళ్ళీ పాడిద్దామంటే ఇంకెవరికీ అలా రాదు, ఆవిడకేమో గొంతు ఆపరేషనయ్యాక పాటే పోయింది."

"ఎవరావిడ?"

"అదేమిటి, ఇందాకటి దాకా మీ పక్కనే కూర్చుందిగా!"

అతను కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఎన్నిసార్లు పిలిపించినా సంతకం పెట్టనని భీష్మించుకు కూర్చుంది. డబ్బు ఆశ చూపించాం, పేరు వేస్తామన్నాం, లొంగలేదు. ఇవాళ నేను నోరు తెరవకముందే 'ఆ పాటలో నాకే హక్కూ లేదు' అని రాసిచ్చేసింది."

మేనేజరు గుమాస్తాని కేకేసి ఆ కాగితం మీద వేయడానికి స్టాంపు తెమ్మన్నాడు.

"విచిత్రమైన మనిషి గురువుగారూ. రికార్డింగు రోజు పాట ఎవరి కోసం రాశారో తెలిసి, ఆ చివరి మాట దగ్గర గొంతు పూడుకుపోయిందట. 'ఆ తండ్రి మనసేమిటో అడిగి తెలుసుకోందే నా హక్కు వదలను' అని ఇన్నాళ్ళూ మమ్మల్ని ఆపింది. ఇవాళ మీరు బయట కలిశారుగా, అడిగేసినట్టుంది."