పుట్టింటి తోడు

"దీపాలు పెట్టాక తోడు ఇస్తావుటే! లక్ష్మి పెరటిదారిన పోదూ!"

పున్నమ్మ కేక నందిగామ బజారుదాకా వినబడి ఉంటుంది. కోడలు పుష్పవతి తొణకలేదు, బెణకలేదు. పెరటి గోడ మీదుగా చాచిన గ్లాసులో చెంచాడు పెరుగు వేసి, "పాలు గోరువెచ్చగా ఉండగానే తోడెయ్యి రత్నమణీ" అంది.

మిషన్ బడి పంతులు ఇశ్రాయేలు భార్య రత్నమణి. పాపం, మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది.

"పగలు ఇస్తే కాదన్నానా? పొద్దుగూకాక తోడిచ్చే ఇల్లాలు ఈ వీధిలో ఒక్కతుందేమో చూపించు! అందులోనూ దీపం పట్టింపే లేనివాళ్ళకి!"

"పాలు తోడేసేదే పొద్దుగూకాక కదత్తయ్యా. ఆ మాత్రం లక్ష్మికి తెలీదా?"

"నోటికి నోరూ! ఇంకోసారి ఇచ్చావంటే మీ పుట్టింటికి జగ్గయ్యపేట బస్సెక్కిస్తా!"

"ఎక్కించండి. అడిగితే మళ్ళీ ఇస్తా. అయినా అక్కడ నాకెవరున్నారని?"

పున్నమ్మ విసవిసా లోపలికి పోయింది. పుష్పవతి కాపరానికొచ్చేటప్పుడు తల్లి ముంతెడు పెరుగు చేతికిచ్చి పంపింది. ఏడాది తిరక్కుండా ఆ తల్లి కాస్తా పోయింది. నిన్నటి పెరుగు నేటి పాలకి తోడవుతూ, నాలుగేళ్ళుగా ఆ కమ్మదనం మాత్రం నిలిచింది. పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే పుష్పవతికి అమ్మ పక్కన కూర్చున్నట్టే ఉండేది. అందుకే ఎవరడిగినా లేదనదు. మా అమ్మ తోడు పదిళ్ళలో ఉంటే నాకేం తరిగిపోతుంది అంటుంది.

అత్తగారేమైనా తక్కువ తిందా? ఏడాదికోసారి పూనకమొచ్చినట్టు లేచి, మునిమాపువేళ కొంగు కింద ఏదో దాచుకుని, "ఇవాళ ఆ రత్నమణి సంగతి తేలుస్తా!" అంటూ పెరటి తలుపు తీసుకుని తగువుకి పోయేది. ఆ పూట పుష్పవతి సిగ్గుతో చచ్చిపోయేది.

శ్రావణమాసంలో ఓరోజు దీపం పెట్టి వంటింట్లోకి వచ్చేసరికి, ఉట్టి కింద పెరుగుకుండ ముక్కలై ఉంది. పిల్లి నేలంతా నాకేసి మీసాలు తుడుచుకుంటోంది. తోడుకి చుక్క మిగల్లేదు.

పుష్పవతి అక్కడే కూలబడింది. "మా అమ్మ ఇవాళ పోయిందత్తయ్యా!" అని ఘొల్లుమంది.

"ఊరుకోవే, శుభమా అని దీపం పెట్టి ఏడుపేంటి!" అని కసిరి, పున్నమ్మ కొంగు బిగించింది. "ఇవాళ ఆ రత్నమణి సంగతి తేలుస్తా!"

"ఇప్పుడు తగువేంటత్తయ్యా, మీకు పుణ్యముంటుంది!"

పున్నమ్మ వినిపించుకోలేదు. కాసేపటికి తిరిగొచ్చి, కొంగు కింది నుంచి గ్లాసు తీసి కోడలి చేతిలో పెట్టింది. పుష్పవతి వేలితో నాకి చూసింది. అమ్మే!

"మీరు... వాళ్ళ గడప తొక్కి... దీపాలు పెట్టాక అడిగారా?"

"పట్టింపుల్లేనిది అదొక్కతేగా! ఇంకెవరిస్తారు? లక్ష్మి అలిగితే అలగనీ, పోయి బతిమాలుకుంటాలే. పాలు చల్లారిపోతున్నాయి, లే!"

పుష్పవతి ఏడుస్తూనే నవ్వింది. "నాలుగేళ్ళలో ఎన్నడూ పోని తోడు ఇవాళ పోతే, మీవల్ల దొరికింది."

పున్నమ్మ కుండపెంకులు ఏరుతూ, తలెత్తకుండానే అంది.

"పోవడం ఇది నాలుగోసారే, పిచ్చిదానా."