ముందుగది బల్బు

హెర్బర్ట్ మళ్ళీ డబ్బా ముందు చప్పట్లు కొట్టాడు. ముందుగదిలో బల్బు వెలగలేదు.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఇల్లు. రైలు వచ్చినట్టుంది, బల్లమీది గ్లాసులో నీళ్ళు వణికాయి. అత్త సుగుణమణి ఎదురుగా వచ్చి నిలబడి, ఒక్కో మాటా ఒత్తి పలికింది.

“రేపు పొద్దుగాల నేను మెదక్ పోవాలె. బల్బు వెలిగితే సరి. లేకుంటే పిల్లను నాతోని తీస్కపోత. మీ ఇద్దర్ని నమ్మి గీడ ఇడిసిపెట్ట.”

ఉయ్యాల లోపలి గదిలో ఉంది. పాప ఏడిస్తే డబ్బా పసిగడుతుంది. గాలిలో కబురు పంపుతుంది. అబిడ్స్‌లో కొన్న బల్బు సామాను మాత్రం కరెంటు తీగ వెంట వచ్చే కబురునే నమ్ముతుంది. వేర్వేరు కంపెనీలవి, ఒకదాని భాష ఇంకొకదానికి రాదు. రెంటికీ నడుమ దుబాసీగా హెర్బర్ట్ మరో పెట్టె కట్టాడు. అది ఒకసారి మాట వింటుంది, పదిసార్లు మొండికేస్తుంది.

“నీ డబ్బాలు దోస్తీ చేసేసరికి నా బిడ్డకు పెండ్లీడొస్తది!” చేతులు విసురుతూ అంది అతని భార్య డోర్కాస్.

హెర్బర్ట్ మొహం తిప్పుకున్నాడు. ఆమె గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. తిట్లు ఇంకా పూర్తికాలేదు.

అంతలో కరెంటు పోయింది. పోట్లాట సగంలో ఆగిపోయింది. చీకట్లో ఇద్దరూ పక్కపక్కనే ముడుచుకుని కూర్చున్నారు.

కరెంటు రాగానే డోర్కాస్ మిగతా సగం అందుకుంది. హెర్బర్ట్ అలవాటుగా చప్పట్లు కొట్టాడు.

బల్బు వెలిగింది!

ఆర్పి, మళ్ళీ కొట్టాడు. వెలిగింది. మరోసారి కొడితే వెలగలేదు.

ఈలోగా ఏం మారింది? అతని చూపు గదంతా గాలించింది. ఫ్రిజ్ పక్కన, కరెంటు వచ్చాక కాసేపు ఆగి పనిచేసే స్టెబిలైజర్ ముల్లు అప్పుడే పైకి లేచింది. దానిమీద అరచెయ్యి ఆనించాడు. సన్నగా వణుకుతోంది. తీగలో పోయే కబురును మింగేస్తున్నది ఇదే! ప్లగ్గు పీకేసి చప్పట్లు కొట్టాడు. వెలుగు.

“ఫ్రిజ్‌ల పాలు?” అంది డోర్కాస్.

“విరగనీ.”

“చప్పట్లకు గాదు, పిల్ల ఏడుపుకు వెలగాలె,” అని సుగుణమణి డబ్బాను ఉయ్యాల దగ్గరికి తీసుకెళ్ళి తలుపు వేసుకుంది. పాప ఏడ్చినా ఎత్తుకోనంది.

డోర్కాస్ గోళ్ళు కొరికింది. హెర్బర్ట్ లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. ఇద్దరి చూపూ బల్బు మీదే.

వెలిగింది.

ఒకరినొకరు తోసుకుంటూ లోపలికి పరుగెత్తారు. పాప ఎర్రబడి కాళ్ళు తన్నుకుంటోంది. సుగుణమణి కళ్ళు తుడుచుకుంటూ, పాప బట్టలు తన సంచిలోంచి తీసి బయట పెడుతోంది.

పుట్టుకతోనే వినికిడి లేని ఆ దంపతులకు, మరొకరు చెప్పకుండా కూతురి ఏడుపు తెలియడం అదే మొదటిసారి.