ఎండకెదురుగా

మామిడిచెట్టు మీంచి నేను తుంచి వదులుతున్న కాయల్ని పెద్దిరాజు సారు కింద గోనెసంచి చాచి పట్టుకుంటున్నారు.

"ఒక్కటీ నేల మీద పడనివ్వరేంటండీ?"

"పాతికేళ్లు బేస్‌బాల్ ఆడింది ఇందుకేనమ్మా!" నవ్వారాయన. "రాష్ట్ర జట్టు నుంచి నూజివీడు రసాల తోటకి ప్రమోషన్!"

నాకు నవ్వు రాలేదు. బడిలో మాకు ఆట నేర్పే పని ఆయనకు పోయింది నా వల్లే.

"సార్, ఫైనల్లో క్యాచ్ వదిలి మనం ఓడింది నా పరధ్యానం వల్లే. మీరు ఎండకెదురుగా నిలబెట్టారని హెడ్‌మాస్టారికి అబద్ధం చెప్పాను."

"తెలుసు. నన్నూ పిలిచి అడిగారు. అవునన్నాను."

"ఎందుకండీ?"

"నువ్వింకా ఆడాలిగా."

హెడ్‌మాస్టారి దగ్గరికి వెళ్లాలని గబగబా చెట్టు దిగసాగాను. జారిపోతానేమోనని ఆయన ఆ గోనెసంచి నా కిందికి తెచ్చి పట్టుకున్నారు.